తోక పట్టినవాడు

మా జగ్గయ్యపేటలో దసరా అంటే ఇప్పుడు స్టేజీ, లైట్లు, మైకులో గొంతు చించుకునే యాంకరమ్మ. వారం రోజులు సాంస్కృతిక ఉత్సవాలట. సెంటర్ నిండా ఫ్లెక్సీలు కడతారు. ఆ ఫ్లెక్సీల్లో పళ్ళికిలిస్తున్న మొహాల్లో ఒక్కడు కూడా దసరాకి దెబ్బ తిన్నవాడు కాదు. మా రోజుల్లో ఒంటిమీద గాయం లేకుండా పండగ వెళ్ళదీసినవాణ్ణి మొగాళ్ళ లెక్కలో వేసేవాళ్ళు కాదు. గొప్పకి చెప్పడం లేదు. అప్పట్లో పండగంటే సగం కొట్టుకోవడమే. ఇప్పుడూ కొట్టుకుంటారు, కాకపోతే సెల్‌ఫోన్లో తీసుకుంటూ కొట్టుకుంటారు.

నేను మిర్చి బస్తాలు కుట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా కోల్డ్ స్టోరేజీల దగ్గర దబ్బనం, పురికొస పట్టుకుని అదే పని. ఆ పని వల్ల నన్ను ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. "పులి తమ్ముడు" అంటారు, నా వెనకాల అయితే "తోకగాడు" అంటారు. మా అన్నయ్య దసరాకి పులివేషం కట్టేవాడు. నేను ఆ పులి తోక పట్టుకునేవాణ్ణి.

నవ్వొస్తోంది కదూ! తోక పట్టుకోవడం కూడా ఒక పనేనా అనిపిస్తుంది. పులివేషం కట్టినవాడు ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు పూసుకుని, వేళ్ళకి రేకు గోళ్ళు తొడుక్కుని, తాషాలూ డప్పులూ మోగుతుంటే మూడు గంటలు ఎండలో ఎగరాలి. కడుపులో ఇంత సారా పడి ఉంటుంది. చుట్టూ జనం రెచ్చగొడుతుంటారు. ఒక దశ దాటాక వాడు మనిషి కాడు, వాడి చెవికి మన మాట ఎక్కదు. అప్పుడు వాణ్ణి ఆపేది తోక ఒక్కటే. దాన్ని నేనే తయారుచేసేవాణ్ణి. లోపల బండి కట్టే మోకు, దానిమీద గోనె, దానిమీద చారల గుడ్డ. నడుముకి వెడల్పాటి తోలు పట్టీ కట్టి, తోకని ఆ పట్టీకి దబ్బనంతో పది కుట్లు వేసేవాణ్ణి. ఒకసారి గుంజితే ఆగాలి. రెండుసార్లు గుంజితే వెనక్కి తిరగాలి. వదలడం అనేది మాత్రం లేదు. తోక చేతిలో ఉన్నంతసేపే అది వేషం అని మాకు నేర్పిన పెద్దాయన చెప్పేవాడు.

బయల్దేరే ముందు ఒక ఆచారం ఉండేది. పులి నాకు వీపు పెట్టి నిలబడి, వెనక్కి చూడకుండా తోకని భుజం మీదుగా నాకు అందించాలి. అందించి, "పట్టుకున్నావా?" అని అడగాలి. నేను "పట్టుకున్నా" అనాలి. అలా మూడుసార్లు. ఇక రంగు కడిగేదాకా పులి వెనక్కి చూడకూడదు. నేనున్నాను కాబట్టి చూడక్కర్లేదు. మా అన్నయ్య అయితే తన బరువంతా ముందుకేసి ఎగిరేవాడు. నేను వెనక్కి లాగి పట్టుకుంటేనే ఆయన నిలబడి ఉండేది. మా అమ్మ అది చూసి హడలిపోయేది. "వాడి ప్రాణం నీ చేతుల్లో పెట్టి ఎగురుతున్నాడ్రా, జాగర్త" అనేది.

ఆ తోకని నేను ఒకసారి వదిలేశాను.

జారలేదు. వదిలేశాను. ఊరంతా జారిందనే అనుకుంది, మా అన్నయ్యా అలాగే అనుకున్నాడు. పాతికేళ్ళు నేను అనుకోనిచ్చాను. మా అమ్మ పోయేటప్పుడు కూడా నోరు విప్పలేదు.

నందిగామ నుంచి ఇంకో పులి వచ్చేవాడు. లారీ డ్రైవరు, సాయిబుల కుర్రాడు, మా అన్నయ్య ఈడువాడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు "బావా" అని పిలుచుకునేవాళ్ళు. పీర్ల పండక్కి మా మేళం నందిగామ వెళ్ళేది. మా అన్నయ్య పులివేషంలోనే పీర్లకి మొక్కి, నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాడు. దసరాకి వాళ్ళ మేళం మా ఊరొచ్చేది. వాళ్ళతో పాటు నందిగామ జనం రెండు లారీల్లో దిగేవాళ్ళు, కర్రలతో సహా. మా వాళ్ళూ తక్కువ తినలేదు. కర్రసాము పేరుతో ప్రతి ఏడూ పది తలకాయలు పగిలేవి. పగిలిన తలకి పసుపు అద్దుకుని, రెండు మేళాల వాళ్ళూ ఒకే పందిట్లో కూర్చుని మాంసం తినేవాళ్ళం.

ఆ ఏడు మధ్యాహ్నం ఎండలో, నాలుగు రోడ్ల సెంటర్లో రెండు పులులూ ఎదురుపడ్డాయి. పొట్టేలు పందెం మొదలైంది. పులి పొట్టేలు మెడ దగ్గర ఊలుని పళ్ళతో కరిచిపట్టి, చేతులు తగలకుండా ఎత్తి, తలమీదుగా వెనక్కి విసిరేయాలి. ఘోరమైన ఆట. పొట్టేలు గిలగిలా తన్నుకుంటుంది, పులి మొహం గీరుకుపోతుంది. మా అన్నయ్య ఎత్తాడు. తల మీదకి వచ్చేసరికి ఆయన ముందు పన్ను పటుక్కుమంది. పొట్టేలు కొమ్ము ఆయన చేతి మీద పడి, అది ఆయన కాళ్ళ దగ్గరే కూలబడింది. ఆయన నోట్లోంచి రక్తం గడ్డం మీదకి కారింది. నందిగామ పులి తన పొట్టేలుని ఒక్క ఊపున విసిరి, అది జనం మీద పడితే పకపకా నవ్వాడు. వాళ్ళ వాళ్ళ ఈలలకి నా చెవులు గింగుర్లెత్తాయి.

మా అన్నయ్యకి పిచ్చెక్కిపోయింది. ముందుకు తోసుకుపోతున్నాడు. నేను కాళ్ళు రోడ్డుకి తన్నిపెట్టి లాగుతున్నాను. అరచేతులు చీరుకుపోయాయి. పది నిమిషాలు పట్టాను, అబద్ధం కాదు, ఆ పది నిమిషాలు ఎవడూ పట్టలేడు. అప్పుడు నందిగామ పులి ఎగురుకుంటూ మా అన్నయ్యని తప్పించుకుని నా దగ్గరికి వచ్చాడు. నా నెత్తిమీద పంజా పెట్టి, పిల్లిని నిమిరినట్టు నిమిరాడు.

"ఏరా తోకా, ఎన్నేళ్ళు ఊగుతావురా ఇట్టా? నువ్వెప్పుడన్నా పులివవుతావా?" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. మా ఊరి జనమే! నా పెళ్ళి కుదిరిన పిల్ల మేనమామ ముందు వరసలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తల కొట్టేసినట్టయింది. నందిగామ పులి మళ్ళీ ఎగురుకుంటూ వెళ్ళి మా అన్నయ్య ముందు నిలబడి, ఆయన భుజం మీదుగా నా వంక చూసి నాలుక బయటపెట్టాడు. చావు నా కొడకా, అనుకున్నాను. అనుకుని, వేళ్ళు విప్పేశాను.

మా అన్నయ్య తన బరువంతా ముందుకేసి ఉన్నాడు. వెనక పట్టు పోయేసరికి ఎగిరి వెళ్ళి నందిగామ పులి మీద పడ్డాడు. మామూలుగా రేకు గోళ్ళ అంచులు మడిచి కొడతాం, కోసుకుపోకుండా. పొట్టేలు కొమ్ము తగిలినప్పుడు చూపుడువేలు గోరు మడత విచ్చుకుంది. మేమెవరం చూసుకోలేదు. ఆ గోరు నందిగామ పులి ఎడమ కంట్లో దిగింది.

ఆ కేక నేను రాయలేను.

తర్వాత జరిగింది యుద్ధమే. కర్రలు, సైకిలు చైన్లు, సోడాబుడ్లు, ఏది చేతికి దొరికితే అది. నందిగామ వాళ్ళు మా తాషాలని కాళ్ళతో తొక్కి చించేశారు. మా వాళ్ళు వాళ్ళ లారీ అద్దాలు పగలగొట్టారు. ఎవడో నా నెత్తిమీద కర్రతో ఒక్కటిచ్చాడు, రక్తం కళ్ళలోకి కారింది. ఆ దెబ్బే నన్ను కాపాడింది. తల పగిలి పడున్నవాణ్ణి ఎవరు నిలదీస్తారు? మా అన్నయ్య రంగు ఒంటితోనే తన బావని చేతుల మీద ఎత్తుకుని, అద్దాలు లేని ఆ లారీలోనే కంచికచర్ల మీదుగా బెజవాడ తీసుకుపోయాడు. కన్ను దక్కలేదు. మర్నాడు తిరిగొచ్చి నా మంచం పక్కన కూర్చుని, "ఏమైందిరా?" అని అడిగాడు.

"చెమటకి జారిందన్నయ్యా" అన్నాను.

"పోనీలే, నీ తప్పేం ఉంది. నేనే ఆగాల్సింది" అన్నాడు.

ఆ తర్వాత ఆయన రంగు ముట్టుకోలేదు. కుడిచేతి గోళ్ళు మొదలంటా, రక్తం చిమ్మేదాకా కత్తిరించుకోవడం మొదలుపెట్టాడు. ఒంటికన్నుతో లారీ నడపనివ్వరు కదా, నందిగామ ఆయన స్టాండు దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడు. మా అన్నయ్య నెలకోసారి బస్సెక్కి వెళ్ళి, పొద్దస్తమానం ఆ కొట్లో కూర్చుని గ్లాసులు కడిగి వచ్చేవాడు. నన్నూ రమ్మనేవాడు. నాకేదో పని తగిలేది. మేళాల రాకపోకలు ఆగిపోయాయి. పీర్ల పండగ వాళ్ళకి, దసరా మాకు మిగిలాయి.

ఈమధ్య ఉత్సవాల వాళ్ళకి పులివేషం గుర్తొచ్చింది. మన కళలు, మన సంప్రదాయం అని ఒకటే హోరు! మా అన్నయ్య కొడుకు జిమ్ములో కండలు పెంచినవాడు, వాడు పులి అవుతానన్నాడు. నందిగామ ఆయన కొడుకు రెండో పులిగా వస్తాడన్నారు. మా అన్నయ్య మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఒక్క షరతు పెట్టాడు.

"తోక మీ బాబాయి పట్టుకోవాలి. వేరేవాడైతే నేనొప్పుకోను."

"నా చేతిలోంచేగా అన్నయ్యా అప్పుడు..." అన్నాను.

"అందుకే నువ్వు పట్టాలి. ఒకసారి జారినవాడు జన్మలో జారనివ్వడు" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన నా భుజం మీద చెయ్యేసి, ఆ గోళ్ళు అరిగిన వేళ్ళతో రెండుసార్లు తట్టేసరికి మింగేశాను. ఛీ, అంత పిరికివాణ్ణి నేను.

అన్నయ్య కొడుకు వేషం చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చింది. రంగూ లేదు, పాడూ లేదు. అద్దెకి తెచ్చిన బొచ్చు డ్రెస్సు, వెనకాల జిప్పు, ప్లాస్టిక్ గోళ్ళు. తోక ఒక పట్టీతో అంటించి ఉంది, స్కూలు సంచులకి ఉంటుందే, చర్రుమని ఊడొచ్చే పట్టీ, అది. లాగి చూశాను. గట్టిగానే ఉన్నట్టనిపించింది. అయినా మనసొప్పక జేబులోంచి దబ్బనం తీశాను.

"ఉండరా, నాలుగు కుట్లేస్తా."

"వద్దు బాబాయ్! అద్దెది. బొక్క పడిందంటే షాపోడు నా తాట తీస్తాడు."

"తోక ఊడితేనో?"

"నువ్వేమన్నా నన్ను ఈడ్చుకెళ్తావా ఏంటి? షో బాబాయ్ ఇది."

చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. ముసలోడి చాదస్తం అనుకుంటున్నారని నాకు సిగ్గేసింది. దబ్బనం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. ఏ పనైతే నాకు తెలుసో, ముప్పై ఏళ్ళు నాకు అన్నం పెట్టిందో, ఆ పని నలుగురు నవ్వారని మానేశాను. రెండుసార్లూ నా కొంప ముంచింది ఆ నవ్వులే.

మా అన్నయ్య మాత్రం ఆచారం దగ్గర పట్టుబట్టాడు. కొడుకుని నాకు వీపు పెట్టి నిలబెట్టాడు. వాడు ఫోన్లో రీలు తీసుకుంటూనే తోక అందించి, "పట్టుకున్నావా బాబాయ్?" అన్నాడు. "పట్టుకున్నా" అన్నాను. అలా మూడుసార్లూ అన్నాను.

సాయంత్రం స్టేజీ ముందు, బారికేడ్ల మధ్యలో రెండు పులుల్నీ దింపారు. డీజే బాక్సులు కొండల్లా పేర్చారు. ఆ దడదడకి గుండెలు అదిరిపోతున్నాయి. నందిగామ పులి తోక ఎవరు పట్టుకున్నారో చూశాను. ఆయనే, ఆ పాత నందిగామ పులి. తెల్లబడ్డ గడ్డం, నల్ల కళ్ళజోడు. తోకని నడుముకి రెండు చుట్లు చుట్టుకుని నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఒక్క కన్ను నా చేతుల మీదే ఉంది.

కుర్రాళ్ళిద్దరూ బాగానే ఎగిరారు. యాంకరమ్మ "ఇంకా! ఇంకా!" అని ఒకటే అరుపు. జనం తాగి ఉన్నారు, నీళ్ళ సీసాలు విసురుతున్నారు. ఒక సీసా మా వాడి మొహానికి తగిలింది, పెదవి చిట్లింది. వాడు రొప్పుతున్నాడు. అప్పుడు నందిగామ కుర్రాడు ఎగురుకుంటూ వాణ్ణి దాటొచ్చి, నా నెత్తిమీద పంజా పెట్టి నిమిరాడు. వాడికి పాత సంగతి తెలియదు, ఒట్టు. ఆట పట్టించడం వాళ్ళ రక్తంలో ఉన్నట్టుంది.

"తాతా, తోక బరువుందా? కుర్చీ వేయించమంటావా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. నిజంగా రాలేదు. మా వాడికి వచ్చింది.

"మా బాబాయి నెత్తిమీద చెయ్యేస్తావురా!" అని గావుకేక పెట్టి, లైట్ల స్టాండు పక్కన పడున్న ఇనప రాడ్డు అందుకున్నాడు. నేను గుంజాను. రెండుసార్లు గుంజాను. మోకాళ్ళు వంచి, నా ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి లాగాను. చర్రుమంది. నేను వెల్లకిలా పడ్డాను. తోక నా చేతుల్లోనే ఉంది.

రాడ్డు మొదటి దెబ్బ ఆ కుర్రాడి కనుబొమ్మ మీద పడింది. రక్తం భళ్ళున కన్నంతా కమ్మేసింది. వాడు మోకాళ్ళ మీద కూలిపోయాడు. మా వాడు రాడ్డు మళ్ళీ ఎత్తాడు. నేనెప్పుడు లేచానో, ఎలా ఉరికానో తెలియదు. ఇద్దరి మధ్యా దూరి చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు డీజేలో కలిసిపోయిందేమో గానీ నాకు లోపల వినపడింది. "ఓరి నాయనో!" అని అరిచాను. నా అరుపు విని మా వాడు బిత్తరపోయి రాడ్డు వదిలేశాడు. అప్పటికే బారికేడ్లు విరిగాయి. కుర్చీలు గాల్లోకి లేచాయి. నందిగామ వాళ్ళెవరో మా వాణ్ణి కిందపడేసి తొక్కుతున్నారు. యాంకరమ్మ మైకు పడేసి పరిగెత్తింది.

పోలీసులు లాఠీలు ఝళిపించి అందర్నీ చెదరగొట్టాక మేం ఐదుగురం రోడ్డు మీద మిగిలాం. నందిగామ ఆయన కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో రక్తం తుడుస్తున్నాడు. "కన్ను తెరువు నాయనా, తెరువు" అంటున్నాడు. వాడు తెరిచాడు. కన్ను బాగానే ఉంది. కనుబొమ్మ మాత్రం రెండుగా చీలింది. ఆయన వాడి నుదురు ముద్దు పెట్టుకుని భోరుమన్నాడు.

మా అన్నయ్య ముందు కొడుకు దగ్గరికి వెళ్ళి వాడి చెంపలు రెండూ వాయించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. నా ఎడమచెయ్యి వేలాడుతోంది, కుడిచేతిలో తోక అలాగే ఉంది. ఆయన చూపు ఆ తోక మీద పడింది.

"మళ్ళీ జారిందిరా?" అన్నాడు. తిట్టినట్టు కాదు. జాలిగా అన్నాడు. ఆ జాలే నా ప్రాణం తీసింది.

"లేదన్నయ్యా. పట్టీ ఊడింది, ఇదుగో చూడు. ఈసారి నేను వదల్లేదు. నీమీదొట్టు, ఈసారి వదల్లేదు."

అనేశాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. "ఈసారి" అన్నాడు మా అన్నయ్య మెల్లగా. మళ్ళీ అదే మాట అన్నాడు. నేను తల దించుకున్నాను.

నందిగామ ఆయన గబగబా లేచొచ్చి మధ్యలో నిలబడ్డాడు. "బావా, ఇప్పుడవన్నీ ఎందుకు? నీ తమ్ముడి చెయ్యి ఇరిగింది, ముందు ఆసుపత్రికి పద. ఆ చెయ్యే లేకపోతే నా కొడుకు తల పగిలేది."

"నీకు తెలుసా?" అన్నాడు మా అన్నయ్య.

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"బావా, నిన్నే. నీకు తెలుసా?"

"ఎదురుగా ఉన్నది నేనేగా బావా. వేళ్ళు ఇప్పడం చూసా. నేనూ తక్కువేం ఎగతాళి చెయ్యలా వాణ్ణి. నీకు చెప్తే వాణ్ణి చంపేసేవాడివి. ఒక కన్ను పోయింది చాల్లే అనుకున్నా."

మా అన్నయ్య తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. పాతికేళ్ళు కత్తిరించి కత్తిరించి, చూపుడువేలికి గోరు ఉండాల్సిన చోట మొద్దుబారిన చర్మం తప్ప ఏమీ లేదు. ఆ చేత్తో కొడతాడనుకున్నాను. కొట్టమని మనసులో మొక్కుకున్నాను కూడా. కొట్టలేదు.

ఆయన నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ వీపు నాకు నా అరచెయ్యంత బాగా తెలుసు, ఎన్ని దసరాలు దాని వెనకాలే నడిచానో! తోక ఇంకా నా చేతిలో ఉంది. అడుగుతాడేమోనని గొంతు సవరించుకున్నాను.

అడగలేదు. కొడుకు రెక్క పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.